లెక్కలేని శిలువలు, లెక్కపెట్టిన పెన్షన్లు: సెయింట్ లూయీ ఆర్డర్ కేస్ స్టడీ

1693 వసంతం నాటికి ఫ్రాన్స్ యుద్ధంలో దిగి ఐదో ఏడు నడుస్తోంది. ఇంగ్లండ్, డచ్ రిపబ్లిక్, స్పెయిన్, ఆస్ట్రియా హాబ్స్‌బర్గులు ఒకవైపు. 14వ లూయీ మరోవైపు. సైన్యం మునుపెన్నడూ లేనంతగా పెరిగింది. దాన్ని నడిపే అధికారుల్లో ఎక్కువమంది చిన్నచిన్న గ్రామీణ కులీన కుటుంబాల వాళ్లు. కొందరికి ఆ మాత్రం వంశం కూడా లేదు. ఇరవై ఏళ్లు కొలువు చేసి, గాయాలతో ఇంటికి పోయే కెప్టెన్‌కు రాజు ఏమివ్వగలడు? ఖజానా ఖాళీగా ఉంది. అప్పటికే ఉన్న గౌరవాలు ఆ కెప్టెన్‌కు అందేవి కావు. ఆర్డర్ అంటే రాజు బిరుదు, పతకం ఇచ్చి చేర్చుకునే గౌరవ బృందం. 1578లో 3వ హెన్రీ పెట్టిన సెంటెస్ప్రీ ఆర్డర్‌లో వంద మందికే చోటు, అదీ వంశం రుజువు చేసుకున్నవాళ్లకే. 1469 నాటి సెయింట్ మిషెల్ ఆర్డర్‌ను పదహారో శతాబ్దంలో ఎవరికి పడితే వాళ్లకు పంచిపెట్టడంతో దాని పరువు పోయింది.

ఆ ఏప్రిల్‌లో వెలువడిన రాజశాసనం ఈ చిక్కుకు పరిష్కారం చూపింది. కొత్త ఆర్డర్‌కు పదమూడో శతాబ్దపు రాజు 9వ లూయీ, అంటే సెయింట్ లూయీ పేరు పెట్టారు. ప్రవేశానికి పుట్టుకతో పనిలేదని, శీలం, యోగ్యత, సైన్యంలో పేరు తెచ్చుకున్న సేవ మాత్రమే అర్హతలని శాసనం పీఠికలోనే రాశారు. ఆ కాలపు ఫ్రాన్స్‌లో ఇది చిన్న మాట కాదు. కోటల నిర్మాణంలో పేరు మోసిన వోబాన్‌దే ఈ ఆలోచన అని చాలామంది చెబుతారు. మొదటి విడతలో గ్రాండ్ క్రాస్ అందుకున్నవాళ్లలో ఆయన ఒకడు.

తర్వాతి కాలంలో యూరప్‌లో పుట్టిన సైనిక ఆర్డర్లలో చాలావాటికి ఇది నమూనా అయింది. శాసనాన్ని అంకెలతో సహా చదివితే ఆ నమూనా ఎందుకు నిలిచిందో, ఎక్కడ బీటలు వారిందో రెండూ కనిపిస్తాయి.

పద్దు ఎలా వేశారు

ఆర్డర్‌కు ఏటా 3,00,000 లివర్ల (లివర్ అప్పటి ఫ్రెంచి డబ్బు) రాబడి కేటాయించారు. సభ్యత్వం మూడు అంతస్తులు: 8 మంది గ్రాండ్ క్రాస్‌లు, 24 మంది కమాండర్లు, ఆ కింద షెవాలియేలు, అంటే నైట్‌లు. పై రెండు అంతస్తులకు సంఖ్య బిగించారు. షెవాలియేలు ఎంతమందైనా ఉండొచ్చు. అయితే షెవాలియేలందరికీ పెన్షన్ లేదు. పెన్షన్ సీట్లు విడిగా లెక్కపెట్టి ఉన్నాయి.

గ్రాండ్ క్రాస్‌లు 8 మందికి తలా 6,000 లివర్లు, అంటే 48,000. కమాండర్లలో 8 మందికి 4,000 చొప్పున 32,000, మిగతా 16 మందికి 3,000 చొప్పున 48,000. షెవాలియేలలో 24 మందికి 2,000 చొప్పున 48,000, మరో 24 మందికి 1,500 చొప్పున 36,000, ఇంకో 48 మందికి 1,000 చొప్పున 48,000, చివరి 32 మందికి 800 చొప్పున 25,600. ఇవన్నీ కలిపితే 2,85,600. కోశాధికారికి 4,000, దఫ్తరు రాసే గుమాస్తాకు 3,000, ద్వారపాలకుడికి 1,400. మిగిలిన 6,000 లివర్లు సభ్యులకిచ్చే శిలువ పతకాలు చేయించడానికి, ఇతర ఖర్చులకు. మొత్తం సరిగ్గా 3,00,000.

కాగితం మీద ఒక్క లివర్ కూడా తేడా లేదు. ఇంత పొందికైన పద్దు ఆ కాలపు రాజశాసనాల్లో అరుదు. పెన్షన్ తీసుకునేవాళ్లు మొత్తం 160 మంది. అందులో పైనున్న 32 మంది 1,28,000 లివర్లు, కిందనున్న 128 మంది షెవాలియేలు 1,57,600 లివర్లు పంచుకుంటారు. అన్నిటికన్నా పై పెన్షన్ అన్నిటికన్నా కింది పెన్షన్‌కు ఏడున్నర రెట్లు.

నౌకాదళాన్ని కూడా మరిచిపోలేదు. గ్రాండ్ క్రాస్‌లలో ఒకరు, కమాండర్లలో ముగ్గురు, పెన్షన్ ఉన్న షెవాలియేలలో ఎనిమిదో వంతు, అంటే 16 మంది, ఎప్పుడూ నౌకాదళం, గాలీలనే తెడ్ల ఓడల దళం నుంచే ఉండాలి. మూడు అంతస్తుల్లోనూ అదే ఎనిమిదో వంతు. పదాతి దళం వాళ్లు గుంపుగా వచ్చి సీట్లన్నీ నింపేయకుండా వేసిన కట్టు ఇది.

రాజు చేతిలో ఇప్పుడు రెండు వేర్వేరు వస్తువులు ఉన్నాయి. ఒకటి శిలువ: ఖర్చు తక్కువ, ఎంతమందికైనా ఇవ్వొచ్చు. రెండోది పెన్షన్: ఖరీదైనది, సీటు ఖాళీ అయితేనే ఇచ్చేది. శిలువ దక్కినవాడు పెన్షన్ వరుసలో నిలబడతాడు. శిలువ కోసం సైన్యంలో కొనసాగినవాడు పెన్షన్ కోసం ఇంకొన్నేళ్లు ఉండిపోతాడు. ఈ ఆర్డర్ బలమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. దాని జబ్బులు కూడా ఇక్కడి నుంచే మొదలయ్యాయి.

లోపలికి వెళ్లే దారి

శాసనం రెండు షరతులు పెట్టింది: రోమన్ కాథలిక్ మతం, నేల మీదగానీ సముద్రం మీదగానీ అధికారిగా కనీసం పదేళ్ల సేవ. పదేళ్లన్నది గడప మాత్రమే. మామూలు రెజిమెంట్ అధికారికి పదేళ్లు నిండిన రోజే శిలువ దొరికేది కాదు, అంతకన్నా బాగా ఎక్కువ కాలం ఆగాల్సి వచ్చేది.

వ్యవహారం ఇలా నడిచేది. అధికారి సేవా వివరాలతో రెజిమెంట్ నుంచి మెమోరాండం యుద్ధ మంత్రి దఫ్తరుకు వెళ్తుంది, నౌకాదళం వాళ్లదైతే నౌకా మంత్రికి. రాజు ఒప్పుకుంటే నియామక పత్రం తయారవుతుంది. కాథలిక్కేనని బిషప్ ఇచ్చిన ధ్రువపత్రం జతపరచాలి. ఆ తర్వాత స్వీకార కార్యక్రమం. అభ్యర్థి మోకాళ్ల మీద కూర్చుని ప్రమాణం చేస్తాడు: కాథలిక్ మతంలోనే బతికి, అందులోనే పోతాను, రాజుకు విధేయుడిగా ఉంటాను, రాజు రాతపూర్వక అనుమతి లేనిదే కొలువు వదలను, పరాయి రాజు కొలువులో చేరను, రాజుకు వ్యతిరేకంగా కుట్ర ఏది తెలిసినా బయటపెడతాను. రాజు కత్తి పక్కభాగంతో రెండు భుజాలనూ తాకి, సెయింట్ లూయీ పేరిట నిన్ను షెవాలియేను చేస్తున్నానని చెప్పి, కౌగిలించుకుని శిలువ ఇస్తాడు.

రాజు సమక్షానికి రాలేనివాళ్లకు మరో దారి ఉంది. దగ్గర్లో ఉన్న మరో సభ్యుడికి అధికారం ఇస్తూ లేఖ వెళ్తుంది. రాజు తరఫున అతనే ప్రమాణం చేయించి శిలువ తొడుగుతాడు. కెనడాలోనూ పాండిచ్చేరిలోనూ ఉన్న అధికారులకు ఇదే పద్ధతి. ఓడ నెలల తరబడి ప్రయాణించాలి కాబట్టి నియామక పత్రం మీది తేదీకి, స్వీకార తేదీకి మధ్య బోలెడు దూరం ఉంటుంది. ఒకే అధికారికి రెండు పుస్తకాల్లో రెండు సంవత్సరాలు కనిపిస్తే ముందు ఈ తేడానే అనుమానించాలి. చాలాసార్లు రెండూ సరైనవే.

ఏటా ఆగస్టు 25న, సెయింట్ లూయీ పండుగ రోజు, సభ్యులు రాజు వెంట ప్రార్థనకు హాజరయ్యేవారు. 9వ లూయీ 1270లో ట్యునిస్ దగ్గర చనిపోయింది ఆ తేదీనే.

శిలువను దగ్గరగా చూస్తే

బంగారు శిలువ. నాలుగు చేతులు చివర్లో చీలి ఎనిమిది మొనలవుతాయి. చేతుల అంచుకు తెల్ల ఎనామెల్. చేతుల మధ్య నాలుగు మూలల్లో నాలుగు బంగారు లిల్లీ పూలు, అవి బూర్బన్ రాజవంశపు గుర్తు. నడుమ గుండ్రటి బిళ్ల. ముందువైపు కవచం తొడిగి, రాజవస్త్రం కప్పుకున్న సెయింట్ లూయీ నిలబడి ఉంటాడు. కుడిచేతిలో లారెల్ ఆకుల కిరీటం, ఎడమచేతిలో ముళ్ల కిరీటం, క్రీస్తును శిలువకు కొట్టిన మేకులు. చుట్టూ నీలి ఎనామెల్ పట్టీ మీద లాటిన్‌లో "లుడోవికుస్ మాగ్నుస్ ఇన్‌స్టిట్యుయిట్ 1693" అని ఉంటుంది. మహా లూయీ 1693లో స్థాపించాడని అర్థం. జాగా చాలదు కాబట్టి పదాలను కుదించి మొదటి అక్షరాలతో సరిపెట్టేవారు. వెనకవైపు బిళ్లలో మండే కత్తి ఒకటి లారెల్ దండలోంచి దూసుకుపోతూ ఉంటుంది. దండకు తెల్లటి పట్టీ కట్టి ఉంటుంది. చుట్టూ "బెల్లికే విర్టూటిస్ ప్రేమియుమ్", అంటే యుద్ధ పరాక్రమానికి బహుమానం.

రిబ్బన్ నిప్పు రంగు ఎరుపు. గ్రాండ్ క్రాస్‌లు వెడల్పాటి రిబ్బన్‌ను భుజం మీదుగా అడ్డంగా వేసుకుని, కోటు మీద బంగారు జరీతో కుట్టిన శిలువ కూడా ధరించేవారు. కమాండర్లకు అడ్డ రిబ్బన్ ఉంది, జరీ పని లేదు. షెవాలియేకు రొమ్ము మీద సన్న రిబ్బన్‌తో చిన్న శిలువ. బొమ్మపటాల్లో మనిషి హోదా పోల్చుకోవాలంటే ముందు రిబ్బన్ ఎక్కడుందో, జరీ ఉందో లేదో చూడాలి. శిలువ పరిమాణాన్ని నమ్ముకుంటే దెబ్బతింటాం, ఎందుకంటే సొంత ఖర్చుతో కంసాలి దగ్గర చేయించుకున్న శిలువలు రకరకాల కొలతల్లో ఉన్నాయి.

ఎక్కడ బీటలు వారింది

మొదటి బీట పెన్షన్ వరుస. 128 సీట్ల వెనక షెవాలియేల సంఖ్య ఏటేటా పెరుగుతూనే పోయింది. ప్రతి యుద్ధం కొత్త వరుసను తయారు చేసింది. కింది అంతస్తులో ఒక సీటు ఖాళీ కావాలంటే ఎవరో ఒకరు చనిపోవాలి, లేదా పైకి వెళ్లాలి. చాలామంది శిలువతోనే ముసలివాళ్లయ్యారు. పద్దును తర్వాతి రాజులు పెంచారు, అయినా శిలువల వేగాన్ని అది అందుకోలేదు.

కొత్త డబ్బు లేనప్పుడు రాజ్యం మరో రకం ప్రతిఫలం వెతికింది. 1750 నవంబరులో 15వ లూయీ సైనిక కులీనత శాసనం తెచ్చాడు. సామాన్య వంశంలో పుట్టిన అధికారి సెయింట్ లూయీ షెవాలియే అయి, విరామం లేకుండా ముప్పై ఏళ్లు సేవ చేసి, అందులో ఇరవై ఏళ్లు కెప్టెన్ హోదాలో ఉంటే, బతికినంతకాలం తాయ్ అనే ప్రత్యక్ష పన్ను నుంచి మినహాయింపు. హోదా పెరిగినకొద్దీ ఆ హోదాలో ఉండాల్సిన కాలం తగ్గుతుంది: లెఫ్టినెంట్ కల్నల్‌కు 18, కల్నల్‌కు 16, బ్రిగేడియర్‌కు 14 ఏళ్లు. గాయాల వల్ల కాలం పూర్తి చేయలేనివాళ్లకు సడలింపు ఉంది. తండ్రి, తాత ఇద్దరూ ఈ మినహాయింపు పొంది ఉంటే, మూడో తరం అధికారి అవే షరతులు నెరవేర్చినప్పుడు కుటుంబానికి వంశపారంపర్య కులీనత హక్కుగా వస్తుంది. జనరల్ హోదాకు చేరినవాడికైతే వెంటనే.

ఈ శాసనంలో "విరామం లేకుండా" అన్న మాట అన్నిటికన్నా కఠినమైనది. యుద్ధం ముగియగానే రెజిమెంట్లు రద్దు చేయడం, కంపెనీలు తగ్గించడం ఆ సైన్యంలో మామూలు. తన తప్పేమీ లేకుండా అధికారి ఇంటికి పోవాల్సి వచ్చేది. సేవా పత్రాల్లో ప్రతి చేరికకూ ప్రతి విడుదలకూ తేదీ అంత జాగ్రత్తగా రాయించుకోవడానికి ఇదే కారణం.

1781 మే 22న యుద్ధ మంత్రి సెగూర్ పేరుతో వచ్చిన నిబంధన శిలువకు ఇంకో విలువ కట్టింది. నేరుగా అధికారిగా చేరాలంటే నాలుగు తరాల కులీనత చూపాలని ఆ నిబంధన చెప్పింది. కానీ సెయింట్ లూయీ షెవాలియే కొడుకులకు అది వర్తించదు. పుట్టుకతో పనిలేదన్న 1693 నాటి మాట దాదాపు తొంభై ఏళ్ల తర్వాత ఈ ఒక్క సందులో ఇంకా బతికే ఉంది.

రెండో బీట మతం. ఫ్రాన్స్ కొలువులో స్విస్, జర్మన్ రెజిమెంట్లు ఉండేవి, వాటిలో ప్రొటెస్టెంట్ అధికారులు చాలామంది. ఒకే గుండు దెబ్బ తిన్న ఇద్దరిలో ఒకడికి శిలువ, ఇంకొకడికి ఏమీ లేదు. 1759 మార్చి 10న 15వ లూయీ వాళ్ల కోసం విడిగా సైనిక యోగ్యతా సంస్థను పెట్టాడు: ఇద్దరు గ్రాండ్ క్రాస్‌లు, నలుగురు కమాండర్లు, షెవాలియేలకు పరిమితి లేదు. శిలువ ఆకారం అదే. బిళ్లలో మాత్రం సెయింట్ లేడు, నిలువు కత్తి, "ప్రో విర్టూటే బెల్లికా" అన్న మాటలు. వెనక లారెల్ కిరీటం, 1759. రిబ్బన్ ముదురు నీలం. స్వతంత్ర పోరాటంలో అమెరికా తరఫున ఓడ నడిపిన జాన్ పాల్ జోన్స్‌కు 1780లో దక్కింది ఇదే. అతన్ని సెయింట్ లూయీ షెవాలియే అని రాస్తే తప్పు. ఇక ఫ్రాన్స్‌లోనే పుట్టిన ప్రొటెస్టెంట్‌కు ఈ ఏర్పాటు కూడా వర్తించలేదు. సేవను కొలవడానికి పెట్టిన ఆర్డర్‌లో సేవతో సంబంధం లేని షరతు ఇది ఒక్కటే, దీన్ని ఎవరూ సమర్థించలేరు.

మూడో సంగతి సిపాయిలు. ఆర్డర్ అధికారులకే. సామాన్య సైనికులకు 1771లో రెండు కత్తుల పతకం వచ్చింది, 24 ఏళ్ల సేవకు. బట్టమీద కుట్టుకునే గుండ్రటి పతకం, ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉన్న రెండు కత్తులతో.

యుద్ధసేవ కాని పనికి శిలువ ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. డ్రాగన్లనే గుర్రపు దళంలో కెప్టెన్‌గా చేసిన షెవాలియే డెయోన్‌కు 1763లో దక్కింది దౌత్యసేవకు: పారిస్ సంధి పత్రాలను లండన్ నుంచి తెచ్చినందుకు. 1777లో స్త్రీల దుస్తులే వేసుకోవాలని రాజాజ్ఞ అయ్యాక, ఆ గౌను మీద కూడా అదే శిలువ పెట్టుకునేవాడు.

ఆర్డర్ పై అంతస్తు మనిషి ఒకడు తెలుగు నేల చరిత్రను మలుపు తిప్పాడు. 1758లో పాండిచ్చేరికి వచ్చిన కౌంట్ లాలీ, లెఫ్టినెంట్ జనరల్, సెయింట్ లూయీ గ్రాండ్ క్రాస్. మద్రాసు మీద దాడికి బలం కావాలని హైదరాబాదు నిజాం దగ్గరున్న ఫ్రెంచి సేనాని బుస్సీని వెనక్కి పిలిచాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి పట్టు సడలింది. విజయనగరం రాజు ఆనందగజపతి ఇంగ్లీషువాళ్లతో కలిశాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ గెలిచాడు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. 1761 జనవరిలో పాండిచ్చేరి లొంగిపోయింది. లాలీ మీద పారిస్ పార్లమాం అనే ఉన్నత న్యాయస్థానంలో విచారణ జరిగి, గౌరవాలన్నీ తీసేసి 1766 మేలో తల నరికారు. లాలీ కొడుకూ, రచయిత వోల్టేరూ పట్టువదలకుండా పోరాడితే 1778లో రాజమండలి ఆ తీర్పును కొట్టేసింది. ముప్పై ఏళ్ల పైబడిన సేవ, గ్రాండ్ క్రాస్, ఏదీ కాపాడలేదు.

రద్దు, పునరుద్ధరణ, ముగింపు

విప్లవం మొదట ఆర్డర్‌ను ఎత్తేయలేదు, సరిచేసింది. 1791 జనవరి డిక్రీ ఏ హోదా అధికారికైనా 24 ఏళ్ల సేవ ఉంటే చాలంది. అదే ఏడు మతపు షరతు పోయింది, పేరు కూడా సైనిక అలంకారం అని మారింది. మంత్రి దయతో పనిలేకుండా ఏళ్లు లెక్కపెట్టి ఇచ్చే ఆ ఏర్పాటు, నా దృష్టిలో, ఆర్డర్ చరిత్రలోకెల్లా న్యాయమైన రూపం. అది రెండేళ్లు కూడా నిలవలేదు. 1792 అక్టోబరు 15న కన్వెన్షన్ అనే విప్లవ సభ ఆర్డర్‌ను రద్దు చేసింది. 1793లో శిలువలు, పత్రాలు పురపాలికలకు అప్పగించమన్నారు. దాచుకుంటే అనుమానితుడన్న ముద్ర పడేది. బంగారం కరిగిపోయింది. విప్లవానికి ముందరి శిలువలు, వాటికన్నా ఎక్కువగా పత్రాలు, అరుదు కావడానికి కారణం ఇదే. సరిహద్దు దాటిన రాజభక్తులతో ఏర్పడ్డ కాందే రాజకుమారుడి సైన్యంలో మాత్రం శిలువలు ఇస్తూనే ఉన్నారు.

1814లో 18వ లూయీ తిరిగి వచ్చి ఆర్డర్‌ను నిలబెట్టాడు. 1815 మార్చిలో ఎల్బా నుంచి వచ్చిన నెపోలియన్ లియోన్‌లో దాన్ని రద్దు చేశాడు. వాటర్లూ తర్వాత మళ్లీ వచ్చింది. 1814 నుంచి 1830 దాకా సుమారు 12,000 శిలువలు ఇచ్చారు. వలసపోయి వచ్చిన ముసలి రాజభక్తులకూ, నెపోలియన్ కింద పోరాడిన అధికారులకూ ఒకే శిలువ. ఇద్దరినీ ఒక రిబ్బన్ కింద కలపాలన్నది ఉద్దేశం. ఇంత తక్కువ కాలంలో ఇన్ని ఇవ్వడంతో విలువ తగ్గింది. 1830 జులై విప్లవం తర్వాత ఇక ఎవరికీ ఇవ్వలేదు.

1837: కంపెనీ మరో లెక్క

ఈస్టిండియా కంపెనీ 1837లో, గవర్నర్ జనరల్ ఆక్లండ్ కాలంలో, ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా పెట్టింది. సుబేదార్లు, జమేదార్లు, రిసాల్దార్ల వంటి భారతీయ అధికారుల దీర్ఘకాల, నమ్మకమైన సేవకు. మద్రాసు సైన్యంలో ఎదిగిన తెలుగు సుబేదార్లు కూడా దీనికి అర్హులే. మొదటి తరగతికి సర్దార్ బహదూర్ బిరుదు, రోజుకు 2 రూపాయలు అదనం; రెండో తరగతికి బహదూర్ బిరుదు, రోజుకు 1 రూపాయి. మెడలో రిబ్బన్‌తో వేసుకునే బంగారు నక్షత్రం. మొదట రిబ్బన్ ఆకాశనీలం. తలనూనె మరకలు పడుతున్నాయని ముదురు ఎరుపుకు మార్చారంటారు.

ఇక్కడ లెక్క తిరగబడింది. సెయింట్ లూయీలో సభ్యులకు పరిమితి లేదు, డబ్బు కొందరికే. కంపెనీ ఆర్డర్‌లో సభ్యులకే పరిమితి, లోపలికొచ్చిన ప్రతివాడికీ రోజుకూలీ లెక్కన డబ్బు. మొదటి పద్ధతిలో వరుస శిలువ తర్వాత ఉంటుంది, రెండో పద్ధతిలో నక్షత్రానికి ముందు. నెత్తి పండిన సుబేదారు తన పైవాడు పోయేదాకా బిరుదు కోసమే ఎదురుచూడాలి.

వస్తువు, పత్రం చేతికొచ్చినప్పుడు

సెయింట్ లూయీ శిలువ మీద 1693 అని కనిపిస్తే అది ఆర్డర్ పుట్టిన సంవత్సరం మాత్రమే. 1820లో చేసిన శిలువ మీద కూడా అదే ఉంటుంది. కాలం తేల్చాలంటే బంగారం మీది ముద్రలు, ఎనామెల్ పనితనం, రింగు కట్టిన తీరు చూడాలి. రెండు బిళ్లలూ విడిగా చేసి అతికించినవి, దెబ్బ తగిలితే ముందు ఊడేవి అవే. కాబట్టి ముందు బిళ్ల ఒక కాలానిది, వెనక బిళ్ల ఇంకో కాలానిది కావొచ్చు. భూతద్దంతో బిళ్ల అంచు చుట్టూ తిరిగి, అతుకు ఎనామెల్‌ను ఎక్కడైనా కొరికిందేమో చూడాలి. లిల్లీ పూల కొనలు సన్నగా ఉంటాయి, విరిగినచోట కొత్త బంగారం రంగు తేడాగా కనిపిస్తుంది. తెల్ల ఎనామెల్ మొనల దగ్గరే ముందు రాలుతుంది. వందేళ్లు దాటిన శిలువ మీద మొనలన్నీ నిగనిగలాడుతుంటే మరమ్మతు జరిగిందనే అనుకోవాలి.

రిబ్బన్‌తో ఇంకో చిక్కు. 1802లో పుట్టిన లెజియన్ ఆఫ్ ఆనర్ రిబ్బన్ కూడా ఎరుపే. 1814లో ప్రొటెస్టెంట్ల యోగ్యతా శిలువ రిబ్బన్‌ను సైతం నీలం నుంచి ఎరుపుకు మార్చారు. అందుకే 1814 తర్వాతి బొమ్మపటంలో గుండీ దగ్గర ఎర్ర చుక్క మాత్రమే కనిపిస్తే ఏ ఆర్డరో చెప్పలేం. శిలువ కనిపించాలి, బిళ్లలో సెయింటో కత్తో తేలాలి.

పత్రాల్లో అన్నిటికన్నా ఎక్కువగా పొరబడేది షెవాలియే అన్న పదం దగ్గర. కులీన కుటుంబంలో చిన్నకొడుకును మర్యాదకు షెవాలియే అని పిలవడం అప్పటి అలవాటు. పేరు ముందు ఆ పదం ఉన్నంత మాత్రాన శిలువ ఉన్నట్టు కాదు. పేరు తర్వాత "సెయింట్ లూయీ సైనిక రాజ ఆర్డర్ షెవాలియే" అని పూర్తిగా రాసి ఉండాలి, లేదా విన్సెన్ కోటలోని ఫ్రెంచి సైనిక ఆర్కైవ్‌లో అతని సేవా పత్రంలో ఆ నియామకం తేదీతో సహా కనిపించాలి. పెళ్లి రిజిస్టర్లలో, ఆస్తి దస్తావేజుల్లో పాత షెవాలియేలు ఈ పూర్తి బిరుదును సాధారణంగా వదిలిపెట్టరు. అది లేని దస్తావేజు ఆ మనిషికి శిలువ రాకముందుదైనా కావొచ్చు, వేరే మనిషిదైనా కావొచ్చు.